పెదనందిపాటి పన్నుల నిరాకరణము

పొన్నూరునకు పడమరగా కాలువ నీటి పొలములు దాటిన పిమ్మట నల్లరేగడి మెరక ప్రారంభమగును. కృష్ణపై 1855లో ఆనకట్ట పూర్తియైనను ఆ నీరు ఈ మెరకకు ఎక్కలేదు. వాన కురిసినచో పంట, లేనిచో పస్తు. ప్రత్తి, మిరప, జొన్న పండించు ఈ నేలపై పెదనందిపాడు గలదు. 1921-22లో ఆ ఫిర్కా గ్రామములు భూమిశిస్తు చెల్లింపమని నిలిచిన వృత్తాంతము మన ప్రాంతమున పెద్దలు పలుమారు చెప్పుకొన్నదే. అయితే నాయకుల పేర్లు స్మరించినంతగా గ్రామముల లోపలి కట్టుబాటును ఎవరును స్మరింపరు. ఉద్యమమునకు ప్రాణము అచ్చటనే యుండెను.

రైత్వారీ పద్ధతిలో దొరతనమువారికి పల్లెలో కన్నులును చేతులును గ్రామోద్యోగులే. మునసబు శిస్తు వసూలుచేసి పంపును. కరణము అడంగలు, చిట్టా వ్రాసి ఎవరి పొలమెంతయో, ఎవరి బాకీ యెంతయో తేల్చును. తలారులు, వెట్టివారు కబురు మోయుదురు. కలెక్టరు ఎంతటివాడైనను, కరణము కట్ట విప్పనిదే ఏ చేను ఎవరిదో ఎఱుగడు. జీతము స్వల్పము; తండ్రినుండి కొడుకునకు సంక్రమించు మిరాసీ గౌరవమే ఆ కుటుంబములకు ఆస్తి.

అప్పటికే ఇదే జిల్లాలోని చీరాల, పేరాల ప్రజలు దారి చూపియుండిరి. 1919లో తమపై రుద్దబడిన పురపాలక సంఘమును కాదని, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, రామనగరమను పాకల ఊరిలో సుమారు పదునొకండు నెలలు కాపురముండిరి. మెరక రైతులు ఊరు విడువలేదు. కిస్తీ కట్టుట మానిరి. పర్వతనేని వీరయ్య చౌదరిగారు శాంతిసేనను కూర్చి ఊరూరను క్రమశిక్షణ నెలకొల్పిరి. గ్రామోద్యోగులు పలువురు రాజీనామా లిచ్చిరి. లెక్కల కట్ట మూతపడగానే సర్కారు యంత్రము నిలిచిపోయెను.

వచ్చిన అధికారులకు బండి దొరకదు, సంభారములు దొరకవు, సేవకులు దొరకరు. జప్తు చేసిన పశువులను వేలము వేసినప్పుడు పాట పాడువారు కఱవైరి. ఇందొక విశేషము కలదు. బండి కట్టనివారు, బట్టలుతుకనివారు, క్షౌరము చేయనివారు పలువురు పట్టా లేనివారే. ఆ శిస్తు వారిది కాదు. అధికారుల ఆగ్రహము మాత్రము వారిమీదను పడినది. చరిత్ర వ్రాయువారు రైతు త్యాగము చెప్పి ఇచ్చట ఆగిపోవుట న్యాయము కాదు.

దొరతనమువారు రూథర్‌ఫర్డు దొరను, సైనికులను పంపిరి. తరువాత 1924లో మన్యమున అల్లూరి సీతారామరాజుపై ప్రయోగింపబడినవాడు ఈయనయే. సైన్యముకంటె మిరాసీ పోవునను బెదరింపే గ్రామోద్యోగులను ఎక్కువ కలతపెట్టినది. రాజీనామా చేసినవాడు తన ఉద్యోగమునే గాక పుట్టబోవు మనుమని బ్రతుకుతెరువును గూడ పందెమొడ్డినట్లు. వెనుకకు తగ్గినవారిని పిఱికివారనుట సులభము. పదిమంది తినవలసిన ఇంటి యజమానికి అది అంత సులభమైన లెక్క కాదు.

గాంధీమహాత్ముడు మొదట బార్డోలీలో ఈ ప్రయోగము చేయనెంచి, ఆంధ్రులు తొందరపడవలదని కొండా వెంకటప్పయ్యగారికి వ్రాసియుండిరి. ఇంతలో 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో పోలీసులు దహింపబడిరి. మహాత్ముడు ఉద్యమము నిలిపివేసెను. శాంతి తప్పని మెరక గ్రామములు ఎచ్చటనో జరిగిన హింసకు తలవంచి శిస్తు కట్టవలసి వచ్చెను. బార్డోలీ రైతులు వల్లభభాయి పటేలు నాయకత్వమున 1928లో గెలిచిరి. దేశమంతయు దానినే ఎఱుగును. మన పొన్నూరు ప్రక్కనున్న నిడుబ్రోలువాసి ఆచార్య రంగాగారు రైతు సంఘములు కట్టినది ఈ అనుభవము పండిన నేలమీదనే.

మునసబు, కరణము పదవులు 1984లో రద్దయినవి. ఆనాటి కట్టలు కొన్ని యిండ్ల అటకలపై ఇంకను ఉండవచ్చును. చెదలు తినకమునుపే అవి గ్రంథాలయమునకు చేరినచో, రాజీనామా లిచ్చినవారి పేర్లు ఊరివారీగా వ్రాసికొనవచ్చును.