కొండదారి బండ్ల కథ



మా ఊరు హోసూరుకు అవతల, అడవి అంచున ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నా చిన్నతనంలో ఒక వానాకాలపు రాత్రి మా అవ్వకు జ్వరం ముదిరితే, ఊళ్ళో ఉన్న ఒకే ఒక పాత జీపులో ఆసుపత్రికి బయలుదేరాం. దారిలో వంక పారుతోంది. డ్రైవరన్న బండి ఆపి, పంచె ఎగగట్టి, కర్ర పట్టుకుని నీళ్ళలో దిగాడు. అవతలి గట్టుదాకా నడిచి తిరిగి వచ్చాడు. ఆ తరువాతే చిన్న గేరు రాడ్డు లాగి, బండిని మెల్లగా దాటించాడు. అవ్వ బతికింది.

ఇప్పుడు మా వైపు రైతులు కొందరు ఫోర్ వీల్ పికప్ బండి కొందామనుకుంటూ, "సార్, ఏ బండి కొండెక్కుతుంది?" అని నన్ను అడుగుతుంటారు. పాతిక, ముప్పై లక్షల మాట. తొందరపడి చెప్పేది కాదు. ఈ ప్రశ్నను మొదట అడిగినది రైతులు కాదు, సైన్యం. అక్కడినుంచే మొదలుపెడదాం.

1940లో అమెరికా సైన్యానికి నాలుగు చక్రాలకూ బలం అందే తేలికపాటి బండి కావలసి వచ్చింది. 135 కంపెనీలకు కబురు పంపితే ముందుకు వచ్చినవి రెండే: బాంటమ్, విల్లీస్. 49 రోజుల్లో నమూనా ఇస్తామని ఒప్పుకున్నది బాంటమ్ ఒక్కటే. గడువు నాటికి, అంటే 1940 సెప్టెంబరు 23న, హోలాబర్డ్ సైనిక కేంద్రానికి బండిని చేర్చింది. కానీ అది చిన్న కంపెనీ. అడిగినన్ని బండ్లు చేయగలదా అని సైన్యం అనుమానపడి, దాని నక్షాలను విల్లీస్‌కూ ఫోర్డుకూ చూపించింది. మూడు బండ్లకూ పరీక్షలు జరిగాయి. ఫోర్డు ఇంజను ట్రాక్టరు ఇంజను నుంచి వచ్చింది. విల్లీస్ ఇంజనుకు 60 గుర్రాల బలం ఉంది, కానీ బండి బరువెక్కువ. బరువు తగ్గించడానికి బోల్టుల పొడవు కోశారని, రంగు పూత పలచన చేశారని చెబుతారు. చివరికి 1941లో విల్లీస్ నెగ్గింది. శ్రమపడి ముందు బండి చేసినవారికి పేరు దక్కలేదు. చరిత్రలో ఇలాంటివి చాలా ఉన్నాయి.

ఆ జీపే 1947లో మహీంద్రా వారి ద్వారా మన దేశానికి వచ్చింది. విడిభాగాలుగా దిగుమతి చేసుకుని బొంబాయిలో బిగించేవారు. మా ఊరి జీపు ఆ వంశానిదే.

పికప్ కథ వేరు. టొయోటా హైలక్స్ 1968లో పుట్టినప్పుడు వెనుక చక్రాలతోనే నడిచేది. 1979లో ఫోర్ వీల్ వచ్చింది. 1987లో ఆఫ్రికాలోని చాద్ దేశపు సైనికులు టొయోటా బండ్ల మీద క్షిపణులు పెట్టుకుని, లిబియా యుద్ధ ట్యాంకులను ఎడారిలో ఓడించారు. ఆ యుద్ధానికి టొయోటా యుద్ధమనే పేరు నిలిచింది.

మన దేశంలో 2007లో మహీంద్రా స్కార్పియో గెటవే, 2009లో టాటా జెనాన్ వచ్చాయి. 2016లో ఇసుజు కంపెనీ తడ దగ్గరి శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచి, వి-క్రాస్‌ను అమ్మకానికి పెట్టింది. మన సరిహద్దు నేల మీదే తయారైన బండి అది. హైలక్స్ 2022లో మన మార్కెట్‌లోకి వచ్చింది.

ఇక కంపెనీ ఇచ్చినది ఇచ్చినట్టుగానే, ఏ మార్పూ చేయని బండ్లను పోల్చి చూద్దాం. చాలామంది నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం ఒక్కటే అడుగుతారు. 1941 నాటి జీపుకు అది సుమారు 222 మిల్లీమీటర్లు. 2016 నాటి వి-క్రాస్‌కు 225. రెండూ ఇంచుమించు ఒకటే! కానీ జీపుకు ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 2,032 మిల్లీమీటర్లు. వి-క్రాస్‌కు 3,095. హైలక్స్‌కు 3,085. దూరం పెరిగితే గట్టు దాటేటప్పుడు బండి నడుము నేలకు తగిలి, చక్రాలు తేలిపోతాయి. జీపు ముందు కోణం 45 డిగ్రీలు, వెనుక కోణం 35. హైలక్స్‌కు 29, 26. అంటే నిటారు గట్టుకు ముందుగా బంపరు తగిలేది పికప్‌కే. మూటలు మోయడానికి పొడవు కావాలి, ఇరుకు మలుపులో అదే పొడవు అడ్డు. ఒకటి పొందితే ఒకటి వదులుకోవాలి.

రెండో ప్రశ్న డిఫరెన్షియల్ లాక్. ఒక చక్రం గాలిలో తేలితే, మామూలు బండిలో ఆ చక్రమే గిర్రున తిరుగుతుంది, నేల పట్టిన చక్రం కదలదు. లాక్ వేస్తే రెండూ కలిసి తిరుగుతాయి. హైలక్స్ వెనుక ఇరుసుకు ఈ సౌకర్యం ఉంది. మూడోది లో రేంజ్ గేరు, డ్రైవరన్న ఆ రాత్రి లాగిన చిన్న రాడ్డే అది. నాలుగోది టైర్లు. నున్నటి టైరుతో ఎంత ఖరీదైన బండి అయినా బురదలో దిగబడుతుంది. పైగా ఖాళీ పికప్‌కు వెనుక బరువు ఉండదు. తడినేల మీద జారడం ఖాయం.

హైలక్స్ 700 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడుస్తుందని కంపెనీ చెబుతుంది. కానీ పారే వంకకు ఆ లెక్క ఒక్కటే చాలదు. లోతు తక్కువైనా ప్రవాహం బండిని పక్కకు నెట్టేస్తుంది. కాబట్టి నన్నడిగిన రైతులకు నా జవాబు ఇది: ముందు మీ దారి కొలవండి, తరువాత బండి కొలతలు చూడండి. రోజూ మోసేది మూటలా మనుషులా, దారిలో ఉన్నది గట్టా బురదా, అది తేలితే ఏ బండి అన్నది తేలుతుంది. వంక పొంగితే మాత్రం ఏ బండినీ నమ్మకండి, ఆగండి. ఆ రాత్రి మా డ్రైవరన్న బండి కంటే ముందు నమ్మినది తన చేతికర్రనే.