లెగాన్ గుట్ట మీద ఆఫ్రికా చదువు

ఆఫ్రికన్ స్టడీస్‌లో ఎం.ఏ. చేస్తానన్నప్పుడు ఇంట్లో అందరూ అడిగింది ఒకటే: "ఉద్యోగం ఏమొస్తుందే?" మా మేనమామ మాత్రం "ఇంతకీ ఆ చదువు ఎవరు మొదలుపెట్టారు, దేనికి మొదలుపెట్టారు?" అన్నాడు. మొదటిదానికి ఇప్పటికీ నా దగ్గర గట్టి జవాబు లేదు. రెండోది మాత్రం చెప్పగలను.

మొదట్లో అది పాలించేవాళ్ల అవసరం. లండన్‌లో ప్రాచ్య భాషల కోసం పెట్టిన కళాశాల 1938లో తన పేరులో ఆఫ్రికాను కూడా చేర్చుకుంది. వలస రాజ్యాలకు వెళ్లే అధికారులకు అక్కడి భాషలు రావాలి కదా! అమెరికాలో మానవశాస్త్రవేత్త హెర్స్‌కోవిట్స్ 1948లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా అధ్యయనాలు ప్రారంభించి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అంతకు పాతికేళ్ల ముందే, 1922 నుంచీ, హోవర్డ్‌లో విలియం లియో హాన్స్‌బెరీ ప్రాచీన ఆఫ్రికా చరిత్ర పాఠాలు చెబుతున్నాడు. ఆయన నల్లజాతివాడు, పనిచేసింది నల్లవాళ్ల విశ్వవిద్యాలయంలో. ఆయన్ను పట్టించుకున్నవాళ్లు తక్కువ. మన ఢిల్లీ విశ్వవిద్యాలయం 1955లోనే ఈ శాఖ తెరిచింది. అప్పటికి ఘనాకు స్వాతంత్ర్యం ఇంకా రెండేళ్ల దూరంలో ఉంది.

నేను చదివింది ఆ ఘనాలోనే. అక్రా శివార్లలో లెగాన్ గుట్ట, తెల్ల గోడలు, ఎర్ర పెంకుల కప్పులు. అక్కడి ఆఫ్రికన్ స్టడీస్ సంస్థను 1963 అక్టోబరులో దేశాధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా లాంఛనంగా ప్రారంభించాడు. ఆఫ్రికాను ఆఫ్రికా కళ్లతో చూడండి, వలస పాలకులు వదిలిపోయిన ఊహలను పక్కన పెట్టండి అన్నది ఆయన ప్రసంగ సారం. ఆ ఏడాదే ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు ట్రెవర్-రోపర్, ఆఫ్రికాలో యూరోపియన్ల చరిత్ర తప్ప ఇంకేమీ లేదని, మిగతాదంతా చీకటేనని సెలవిచ్చాడు. విచిత్రమేమంటే లెగాన్ సంస్థకు మొదటి డైరెక్టరు థామస్ హాడ్జ్‌కిన్ కూడా ఇంగ్లిష్‌వాడే. ఎన్‌క్రుమాకు మనిషి రంగుతో పేచీ లేదు, అతను అడిగే ప్రశ్నతోనే పేచీ.

రాతలో లేని చరిత్రను ఎక్కడ వెతకాలి? లెగాన్ వాళ్లు చేసిన అసలు పని ఇదే. ఘనాలోని ఆశాంతి రాజ్యంలో నాయకులు కూర్చునే ప్రతి పీఠానికీ ఒక కథ ఉంటుంది: ఎవరు స్థాపించారు, ఏ యుద్ధంలో నిలిచారు, వారసులెవరు అని. పెద్దల నోటి నుంచి విని ఆ పీఠ చరిత్రలను వరసగా రాసిపెట్టారు. ఉత్తర ఘనా ముస్లిం పండితుల ఇళ్లలో ఉన్న అరబ్బీ రాతప్రతులను సేకరించారు. అక్షరం తెలియని ఖండం అన్నవాళ్లకు ఆ కట్టలే జవాబు.

మూడో ఆధారం డప్పు. 1965లో డైరెక్టరైన క్వాబెనా ఎన్‌కెటియా సంగీత శాస్త్రవేత్త. ఘనాలోని అకాన్ ప్రజల డప్పుల మీద ఆయన రాసిన పుస్తకం 1963 నాటిది. అటుంపాన్ అంటే జంట డప్పులు. ఒకటి మంద్రం, రెండోది తారం. కొక్కెంలా వంగిన కర్రలతో వాయిస్తారు. అకాన్‌లు మాట్లాడే ట్వి భాషలో స్వరం పైకో కిందికో మారితే అర్థమే మారిపోతుంది. డప్పు ఆ స్వరాలనే పలుకుతుంది. అయితే ఒకే స్వరం ఉన్న మాటలు బోలెడు కాబట్టి, వాయించేవాడు పొడి మాటలు వాడడు. అందరికీ తెలిసిన పొడవాటి బిరుదులు, స్తుతులు ఎత్తుకుంటాడు. 42 రోజుల చక్రంలో వచ్చే అడాయే పండగకు గతించిన రాజుల పేర్లు డప్పు మీదే వినబడతాయి. వినేవాడికి భాష రాకపోతే అది వట్టి మోత.

హైదరాబాదులో మాసాబ్‌ట్యాంక్ దగ్గర పెరిగినదాన్ని, మోతలు నాకు కొత్త కాదు. పక్కనే ఏసీ గార్డ్స్. నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే ఆ పేటకు మిగిలింది. పెళ్లిళ్లలో మోగే మర్ఫా వాయిద్యంలో ఆఫ్రికా మూలాలున్న ఆ సిద్దీల చెయ్యి ఉంది. బస్సు దిగేవాళ్లలో ఏసీ అంటే ఏమిటని అడిగినవాళ్లను నేను చూడలేదు.

మళ్లీ లెగాన్‌కు వస్తే, 1966 ఫిబ్రవరిలో సైన్యం ఎన్‌క్రుమాను దించేసింది. సంస్థ మాత్రం నిలిచింది. నేటికీ ఘనా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివే పిల్లలు ఆఫ్రికన్ స్టడీస్ పాఠాలు కొన్ని చదవాల్సిందే.

భారతీయులకు ఇబ్బందిగా ఉండే సంగతీ ఒకటి ఉంది. 2016 జూన్‌లో లెగాన్‌లో గాంధీ విగ్రహాన్ని ప్రణబ్ ముఖర్జీ ఆవిష్కరించారు. దక్షిణాఫ్రికాలో తొలి రోజుల్లో నల్లవాళ్ల గురించి గాంధీ రాసిన రాతలు చూపి, దాన్ని తీసేయమని అధ్యాపకులు సంతకాలు సేకరించారు. అందులో ఈ సంస్థ మాజీ డైరెక్టరు ఒకరు ముందున్నారు. 2018 డిసెంబరులో విగ్రహాన్ని తీసేశారు. ఆ రాతలు అబద్ధం కావు. తర్వాత గాంధీ మారాడన్నదీ నిజమే. కానీ తమ ప్రాంగణంలో ఎవరు నిలబడాలో తేల్చుకునే హక్కు వాళ్లదేనని నా అభిప్రాయం. ఎన్‌క్రుమా 1963లో చెప్పింది ఇదే కదా?

మీ ఇంట్లో పిల్లలెవరైనా ఈ చదువుకు వెళ్తామంటే ఉద్యోగం సంగతి తర్వాత అడగండి. విశ్వవిద్యాలయం పేరు, ర్యాంకు కూడా తర్వాతే. ముందు అక్కడ ఏ ఆఫ్రికా భాష నేర్పుతారో కనుక్కోమనండి. స్వాహిలీ, హౌసా, ట్వి, ఏదైనా సరే. భాష నేర్పని చోట ఫీజు కట్టకండి.