క్రేటర్స్ ఆఫ్ ది మూన్: ఐడహో లావా నేల చరిత్ర

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, స్నేక్ నది మైదానం మీద సుమారు 1,600 చదరపు కిలోమీటర్ల మేర నల్లటి లావా పరచుకుని ఉంది. అది కొండ శిఖరం బద్దలై వచ్చినది కాదు. ‘గ్రేట్ రిఫ్ట్’ అనే పొడవాటి నేల పగులులోంచి సుమారు 15,000 ఏళ్ల కిందటి నుంచి 2,000 ఏళ్ల కిందటి దాకా ఎనిమిది విడతలుగా పొంగింది. ఆ రాయి బసాల్టు. దక్కన్ నల్లరేగడికి మూలమైన రాయీ అదే. దక్కన్ లావా ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది కనుక చాలాచోట్ల పైపొర చివికి మట్టయింది. ఐడహోలోని లావా అంచులు మాత్రం ఇంకా చెప్పులు కోసేంత పదునుగానే ఉన్నాయి.

ఇక్కడి ఆదివాసులైన షోషోన్ ప్రజలకు ఈ నేల పరిచితమే. ‘ఇండియన్ టన్నెల్’ అనే లావా గుహ దగ్గర వారు పేర్చిన రాళ్ల వలయాలు నేటికీ కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో బళ్లు కట్టుకుని పడమటికి వలసపోయినవారు మాత్రం ‘గుడేల్స్ కటాఫ్’ అనే అడ్డదారిలో లావా అంచు వెంబడే సాగిపోయారు. సేద్యానికి పనికిరాని ఆ బంజరు లోపలికి వెళ్లాల్సిన అవసరం వారికి కలగలేదు.

ఆ లోపలి నేలను లోకానికి చూపించినవాడు రాబర్ట్ లింబర్ట్. బోయిసీ నగరంలో జంతువుల చర్మాలను కూరి బొమ్మలుగా నిలిపే పని ఆయనది. 1920లో ఒక మిత్రుణ్ణి, ఓ కుక్కను వెంటబెట్టుకుని 17 రోజుల్లో సుమారు 130 కిలోమీటర్లు నడిచాడు. మూడు రోజులకే కుక్క పాదాలు ఒరుసుకుపోయి నెత్తురు కారింది. ఆపై దాన్ని ఎత్తుకుని నడవడమో, అది మెల్లగా వచ్చేదాకా ఆగడమో తప్పలేదు. నీటి గుంటల జాడకు పావురాలు ఎగిరే దిక్కే ఆనవాలు. 1924 మార్చిలో ‘నేషనల్ జియోగ్రాఫిక్’ ఆయన వ్యాసాన్ని ఫోటోలతో అచ్చువేసింది. అదే ఏడాది మే 2న అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ ఈ చోటును ‘క్రేటర్స్ ఆఫ్ ది మూన్’ పేరుతో జాతీయ స్మారకంగా ప్రకటించాడు. భూగర్భ శాస్త్రవేత్త హెరాల్డ్ స్టెర్న్స్ కూడా అంతకుముందే రక్షణ అవసరమని సూచించి ఉన్నా, పటాల మీది ఖాళీ జాగాను జనం కళ్లకు కట్టిన ఘనత ప్రధానంగా లింబర్ట్ కాలినడకదే.

1969లో అపోలో వ్యోమగాములు అగ్నిపర్వత శిలలను గుర్తించడం నేర్చుకునేందుకు ఇక్కడికి వచ్చారు. 2000లో అధ్యక్షుడు బిల్ క్లింటన్ స్మారకం హద్దులను గ్రేట్ రిఫ్ట్ పొడవునా విస్తరించాడు. సందర్శన పెరిగేకొద్దీ నేలకు నష్టమూ పెరిగింది. లావా తుంపరలు పేరుకుని ఏర్పడిన చిన్న శంకువులు పెళుసు. అడుగుల తాకిడికి అవి విరిగిపోతుండటంతో తారు బాటలు వేసి, వాటి మీదే నడవాలని నియమం పెట్టారు. గుహల్లోకి వెళ్లాలంటే ఉచిత అనుమతి పత్రం తీసుకోవాలి. గబ్బిలాలను చంపే బూజు వ్యాధి వేరే గుహల నుంచి అంటుకురాకుండా, ఆ పత్రం ఇచ్చేముందు సిబ్బంది సందర్శకుల బూట్ల గురించి, బట్టల గురించి అడుగుతారు.