మాట్లాడే యంత్రం, దాని తాళంచెవి



1960 ఏప్రిల్ 1న మన పొదటూరుపేట ఉన్న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి అప్పటి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. మనం ఇవతల ఉన్నాం. అయినా సమావేశం ఎప్పుడు, చందా ఎవరికి కట్టాలి వంటి ప్రశ్నలకు తెలుగులో బదులిచ్చే చిన్న బాట్‌ను మన సంఘమే పెట్టుకోవచ్చు. అంతకు ముందు కాస్త చరిత్ర చూద్దాం.

అమెరికాలోని ఎంఐటీలో 1961లో ఒకే కంప్యూటర్‌ను చాలామంది పంచుకునే ఏర్పాటును మొదటిసారి చూపించారు. దాని పేరు సీటీఎస్ఎస్. ఎవరి ఫైళ్లు వారికే ఉండాలని ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధకుడు, తనకిచ్చిన కంప్యూటర్ సమయం చాలక, పాస్‌వర్డ్‌లున్న ఫైలును అచ్చు వేయించుకుని ఇతరుల సమయం వాడుకున్నాడు.

ఆ సీటీఎస్ఎస్ మీదే జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలిజా'ను నడిపి, 1966లో దాని గురించి ప్రచురించాడు. మనిషితో మాట్లాడే తొలి ప్రోగ్రాముల్లో అదొకటి. అది యంత్రమని తెలిసి కూడా మనుషులు తమ సొంత సంగతులు దానికి చెప్పుకున్నారు. అదే ఏడాది సీటీఎస్ఎస్‌లో రెండు ఫైళ్లు తారుమారై, లోపలికి వచ్చిన ప్రతివారికీ స్వాగత సందేశానికి బదులు అందరి పాస్‌వర్డ్‌లూ కనిపించాయి. ఏ దొంగా రాలేదు. దాచాల్సిన కాగితం నోటీసుబోర్డు మీదికి వచ్చింది, అంతే.

ఇప్పటికీ తాళాలు ఇలా పోతూనే ఉంటాయి.

టెలిగ్రామ్ 2015లో ఎవరైనా బాట్ తయారుచేసుకునే వీలు కల్పించింది. అందులో 'బాట్‌ఫాదర్' అనే బాట్‌ను అడిగితే, పేరు పెట్టించుకుని, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి టోకెన్ ఇస్తుంది. అయిదు నిమిషాల పని. ఆ టోకెన్ ఎవరి చేతిలో ఉంటే బాట్ వారి మాట వింటుంది, ఓటీపీ అడగదు. సభ్యులు బాట్‌కు పంపే సందేశాలు వారు చదవగలరు. "చందా ఈ నంబరుకు పంపండి" అని సంఘం పేరుతోనే, బాట్‌కు సందేశం పంపినవారికి పంపగలరు. పోయేది డబ్బొక్కటే కాదు, సంఘం మాట మీద ఉన్న నమ్మకం.

అందుకని నా సూచనలు ఇవి. టోకెన్‌ను ప్రోగ్రాము లోపల రాయకుండా వేరే ఫైలులో పెట్టాలి. ఆ ఫైలు గిట్‌హబ్‌కు ఎక్కకూడదు. వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, స్క్రీన్‌షాట్ తీయకూడదు. బాట్ తయారుచేసిన టెలిగ్రామ్ ఖాతాకు రెండంచెల భద్రత పెట్టాలి. కార్యవర్గం మారినప్పుడు బాట్ యాజమాన్యాన్ని కొత్తవారికి మార్చి, టోకెన్ కూడా మార్చాలి. బయటపడిందని అనుమానం వస్తే చాలు, ఎవరు తప్పు చేశారని వెతుకుతూ కూర్చోకుండా, ముందు బాట్‌ఫాదర్ దగ్గర పాతది రద్దుచేయించాలి. ఆ క్షణం నుంచి పాత టోకెన్ పనిచేయదు.

ఇక ఆధార్, బ్యాంకు వివరాలు బాట్ అడగనే కూడదు. మన దగ్గర లేనిదాన్ని ఎవరూ ఎత్తుకుపోలేరు.

వచ్చే సమావేశంలో బాట్ ఏ ప్రశ్నలకు బదులివ్వాలో నిర్ణయించేటప్పుడే, టోకెన్ బాధ్యత ఏ ఇద్దరిదో కూడా తీర్మానంలో రాసుకుందాం. మీ అభిప్రాయాలు చెప్పండి.