రైలెక్కిన వీణ, విమానమెక్కిన వీణ

వాడి నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం రైలు నడిచింది 1874లో. నూటయాభై ఏళ్లు దాటిన ఆ దారి మీదే ఉన్నాయి మన తాండూరు, వికారాబాద్ స్టేషన్లు. తాండూరు అనగానే అందరికీ నాపరాళ్లు, కందులు గుర్తొస్తాయి. నాకు మాత్రం గలీబు తొడిగిన వీణ కళ్లముందు మెదులుతుంది.

రైలు రాకముందు శతాబ్దాల తరబడి వాద్యం భుజం మీదో, ఎడ్లబండి మీదో ఊళ్లు తిరిగింది. కిన్నెర బుర్ర పగిలితే పక్క ఊళ్లో మరో సొరకాయ దొరికేది. రైలొచ్చాక వాడి దగ్గర బొంబాయి లైను అందుకుంటే ఓడరేవు దాకా పట్టాలే.

ఇక్కడ వీణను ఓడెక్కించిన ఇనాయత్ ఖాన్ గురించి చెప్పుకోవాలి. బరోడాలో 1882లో పుట్టాడు. తాత మౌలా బఖ్ష్ హిందుస్తానీతో పాటు కర్ణాటక సంగీతమూ నేర్చిన విద్వాంసుడు. ఈ యువకుడు హైదరాబాద్ వచ్చి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఎదుట పాడి, వీణ వాయించి మెప్పు పొందాడు. సయ్యద్ అబూ హాషిం మదనీ అనే సూఫీ గురువు దొరికిందీ ఈ నగరంలోనే. 1910 సెప్టెంబరు 13న తమ్ముడు మహబూబ్ ఖాన్‌తో, బంధువు మహమ్మద్ అలీఖాన్‌తో కలిసి బొంబాయిలో అమెరికా ఓడెక్కాడు. అక్కడ నర్తకి రూత్ సెయింట్ డెనిస్ బృందంతో తిరిగారు. రాగమంటే ఏమిటో తెలియని జనం ముందు, నాట్య ప్రదర్శనల్లో భాగంగా మన వీణ మోగింది! ఆ తర్వాత లండన్, పారిస్, మాస్కో. మాస్కోలో 1914 జనవరి 1న పుట్టిన కూతురు నూర్ కూడా వీణ నేర్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున ఫ్రాన్స్‌లో రహస్య వైర్‌లెస్ ఆపరేటర్‌గా పనిచేసి, 1944లో డాఖౌలో నాజీల చేతిలో ప్రాణాలు విడిచింది. తండ్రి ఇనాయత్ అంతకు చాలా ముందే సూఫీ బోధన కోసం వీణనే వదులుకున్నాడు. ఇన్ని సముద్రాలు దాటించిన వీణను! తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె పట్టేస్తుంది.

విమానాలొచ్చాక కథ చిక్కుపడింది. 2017 జనవరిలో రోజ్‌వుడ్ మీద అంతర్జాతీయ ఆంక్షలొస్తే గిటార్ల వాళ్లు కాగితాల కోసం తిరిగారు. తయారైపోయిన వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు దక్కింది. పనస వీణకు ఆ బాధ లేదు. దంతపు చెక్కడాలున్న పాత వీణకు, ఉడుము చర్మపు కంజీరకు మాత్రం తిప్పలే. వందేళ్లు దాటిన వాద్యమైతే పురావస్తు చట్టం అడ్డొస్తుంది. అయినా వీణకు అసలు భయం మైనంతోనే. ఇరవైనాలుగు మెట్లూ నిలిచేది దాని మీదే. ఎండకు మెత్తబడుతుంది, చలికి బీటలిస్తుంది.

మా తాండూరు అమ్మాయి ఒకతె వీణతో శంషాబాద్ నుంచి డాలస్ వెళ్లింది. తీగలు సడలించి, మెట్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, కుండ చుట్టూ తల్లి పాత పట్టుచీర చుట్టి పెట్టెలో పెట్టారు. అక్కడ తెరిచి చూస్తే పై స్థాయిలో రెండు మెట్లు పక్కకు జరిగాయి.

"మేళం కట్టెటోళ్లు ఆడ దొరుకుతరా బిడ్డా?" అని ఫోన్లో అడిగింది తల్లి.

మైనం మీద మెట్లు మళ్లీ నిలబెట్టేవాళ్లు దొరికేసరికి రెండు నెలలు పట్టింది. అందాకా ఆ పిల్ల కింది స్థాయిలోనే సాధన చేసుకుంది.