ఇండియా కాల్స్‌కు వేళలు కుదుర్చుకోవడం ఎలా?

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళలో చాలామందికి ఆఫీసు పని సాయంత్రంతో ముగియదు. సరిగ్గా భోజనాల వేళకు హైదరాబాదు టీముతో కాల్ మొదలవుతుంది. పిల్లల హోంవర్కు, ఇంట్లోవారితో కబుర్లు మూలపడతాయి. వేళల లెక్క తెలిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తప్పించుకోవచ్చు.

2007 నుంచి అమెరికా గడియారాలు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు జరుగుతున్నాయి. హవాయి, అరిజోనాలో అధికభాగం ఈ మార్పు పాటించవు. భారతదేశంలోనూ ఈ మార్పు లేదు. అందువల్ల న్యూజెర్సీకి, హైదరాబాదుకు తేడా వేసవిలో 9½ గంటలు, చలికాలంలో 10½ గంటలు. కాలిఫోర్నియాకైతే 12½, 13½ గంటలు.

న్యూజెర్సీలో ఉదయం 8 అయితే హైదరాబాదులో వేసవిలో సాయంత్రం 5.30, చలికాలంలో 6.30. ఇరువైపులా అనువైన వేళ ఇదే. కాలిఫోర్నియాలో ఉదయం 8 అయ్యేసరికి అక్కడ రాత్రి 8.30 లేదా 9.30. కనుక ఒక వారం మీరు, ఒక వారం వారు రాత్రిపూట కూర్చోవడం న్యాయం. వారికీ ఇల్లూ పిల్లలూ ఉంటారు కదా!

కేటాయించిన సమయమంతా నిండేదాకా పని సాగుతూనే ఉంటుందని 1955లో పార్కిన్సన్ అనే రచయిత సూత్రీకరించారు. కాల్స్‌కూ ఇది వర్తిస్తుంది. గంటకు బదులు అరగంటే పెట్టండి. చర్చించవలసిన అంశాలు ముందురోజే మెయిల్ చేయండి. పని ఎంతవరకు వచ్చిందో చెప్పడానికైతే మెయిల్ ఒక్కటే చాలు. మిగిలిన సాయంత్రం మీ ఇంటిది.