ఉప్పెన లెక్కల్లో కనబడని గర్భవతులు

శరణార్థి అన్న మాటకు వ్యుత్పత్తి సులభమే. శరణము కోరేవాడు శరణార్థి. అతడు ఏ సరిహద్దు దాటి వచ్చాడన్న విచారణ నిఘంటువులో లేదు. అంతర్జాతీయ న్యాయంలో మాత్రం ఉంది. 1951 నాటి ఒడంబడిక ప్రకారం, పీడనకు వెరచి స్వదేశపు ఎల్లలు దాటినవారే శరణార్థులు. ఇల్లు కొట్టుకుపోయి సొంత దేశంలోనే పక్క ఊరి బడిలో తలదాచుకున్నవారికి ఆ పేరు చెల్లదు, వారు నిర్వాసితులు. (భారతదేశం ఆ ఒడంబడికపై సంతకమే చేయలేదు, అది వేరే కథ.) ఐతే ప్రసవవేదనకు ఈ భేదం తెలియదు. అందుచేత మా దివిసీమ చరిత్రను ఒక్కసారి ఈ వైపునుంచి చూడదలచాను.

1977 నవంబరు 19, శనివారం. తుపాను తీరం దాటింది చీరాల వైపున. సముద్రం విరుచుకుపడింది మాత్రం దివి తాలూకా మీద. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ళ పేర్లు ఆ తరువాతనే దేశానికి తెలిశాయి. మృతులు అధికారిక లెక్కలో దాదాపు పదివేలు. అంతకంటె చాలా ఎక్కువేనని ఈ ప్రాంతంవారి నమ్మకం. నిరాశ్రయులు లక్షల్లో ఉన్నారు. 1864లో బందరును ముంచిన ఉప్పెన ముప్ఫైవేలమందిని బలిగొన్నదంటారు. రెండింటి గురించీ చెప్పేటప్పుడు మనం శవాలు, పశువులు, ఇళ్ళు, ఎకరాలు లెక్కిస్తాము. నేను వేయదలచిన లెక్క మరొకటి.

ఆ కాలంలో మన దేశపు జననాల రేటు ఏడాదికి వెయ్యికి సుమారు 33. అంటే పదివేలమంది నిరాశ్రయులు ఒకచోట చేరితే, వారిలో ఏ రోజున చూసినా రమారమి 250 మంది గర్భవతులుంటారు. తొలి నెలలోనే పాతిక పైచిలుకు కాన్పులు జరుగుతాయి. వాటిలో ప్రతి ఏడింటిలో ఒకదానికి వైద్యుని అవసరం కలుగుతుందని నేటి వైద్యుల అంచనా. దివిసీమ నిరాశ్రయులు పదివేలు కారు, లక్షలు. గుణకారం చదువరులకే వదలుతున్నాను.

ఆనాడు పల్లెల్లో కాన్పులు మంత్రసాని చేతిమీదుగానే సాగేవి. ఆమెను సామెతల్లో వెక్కిరించాము గాని, ఊరికి ఉన్న ప్రసూతి వైద్యం ఆమె ఒక్కతే. ఆమె కాపురముండేది కూడా ఆ ఊళ్ళోనే. ఊరు పోయిందంటే ఇల్లు, గొడ్డు, గాదె పోవడమొక్కటే కాదు. కాగిన నీళ్ళు, ఉతికిన పాతగుడ్డ, బొడ్డు కోసే చేయి కూడా పోయాయన్నమాట. ఉప్పునీరు, కుళ్ళిన కళేబరాలు, తడినేల. వీటి నడుమ బొడ్డుకు మలినం తగిలితే శిశువుకు ధనుర్వాతం. సహాయమంటే బియ్యం, బట్టలు, కలరా సూదులు అనుకునేవారు. తప్పని అనను, ఆకలికే మొదటి పీట. కాని పంచిపెట్టే బట్టల్లో నెలసరికి గుడ్డ ఒకటి కావాలని నోరు తెరచి అడగగల స్త్రీ ఆ వరుసలో ఎవరు?

ఈ ఉపేక్ష మనదొక్కటే కాదు. 1994లో రువాండా శరణార్థులు గోమా చుట్టుపక్కల శిబిరాల్లో లక్షలుగా చేరిననాటికీ ప్రపంచం తీరు ఇంచుమించు ఇదే. ఆ ఏడాదే కైరోలో జరిగిన జనాభా సదస్సులో నిర్వాసితుల ప్రత్యుత్పత్తి ఆరోగ్యం హక్కుగా చర్చకు వచ్చింది. మరుసటి ఏడు ఐక్యరాజ్యసమితి విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఒక కార్యబృందంగా ఏర్పడి, విపత్తు తొలి రోజులనుంచే అందవలసిన కనీస సేవలను నిర్ణయించాయి. అత్యాచారాల నివారణ, బాధితులకు చికిత్స, సురక్షితమైన రక్తం, తొడుగులు, కాన్పు ఏర్పాట్లు అందులోనివి. నెలలు నిండిన స్త్రీకి ఇచ్చే పొట్లంలో ఏముంటుందో చూడండి: సబ్బు, నేలమీద పరచుకునే ప్లాస్టిక్ పట్టా, కొత్త బ్లేడు, బొడ్డు ముడివేయడానికి దారం, బిడ్డను చుట్టే గుడ్డ. మంత్రసాని మూటే! 1998లో వెలువడిన నిర్వాసితుల మార్గదర్శక సూత్రాల్లో పందొమ్మిదవది స్త్రీవైద్యుల సేవలను, ప్రత్యుత్పత్తి ఆరోగ్యాన్ని పేరుపెట్టి చెబుతుంది. దివిసీమవారికి వర్తించే వాక్యం, ఇరవయ్యొక్క సంవత్సరాలు ఆలస్యంగా.

ఇప్పుడు పద్ధతి మారింది. 2024 అక్టోబరులో దానా తుపానుకు ముందే ఒడిశాలో నాలుగువేలకు పైగా గర్భవతులను ఆసుపత్రులకు చేర్చారు. వారిలో సుమారు 1,600 మంది అక్కడే ప్రసవించారు.

మిగిలిన ఒక సంగతి నన్ను ఎక్కువగా వేధిస్తుంది. ఉప్పెన వచ్చిన సంవత్సరాన్ని గమనించండి. అత్యవసర పరిస్థితి ముగిసి ఏడాది కూడా కాలేదు. 1976-77లో దేశంలో 82 లక్షల కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. షా కమిషన్ పట్టికలో ఆంధ్రప్రదేశ్‌కు పెట్టిన లక్ష్యం నాలుగు లక్షలు, జరిగినవి ఏడు లక్షల నలభైవేల పైన. దేశం మొత్తంమీద వాటిలో నాలుగింట మూడు వంతులు మగవారివి. ఇద్దరో ముగ్గురో పిల్లలు చాలునని, లేదా చాలనిపించబడి, ఆపరేషను చేయించుకున్న తండ్రి ఆ రాత్రి చెట్టుకొమ్మ పట్టుకుని బ్రతికి, తెల్లవారి పిల్లలు లేరని తెలుసుకుంటే? అతనికి బియ్యంతో పాటు ఇవ్వవలసినది మరొకటి ఉంది.

2004 డిసెంబరు 26 సునామీలో ఈ ప్రశ్న తమిళనాడు తీరాన బహిరంగంగా వినబడింది. పిల్లలను పోగొట్టుకున్న తల్లులు నాళాలను తిరిగి కలిపే శస్త్రచికిత్స అడిగారు. ప్రభుత్వం ఉచితంగా చేయించింది. అందరికీ ఫలించే చికిత్స కాదది. నాళం ఎంత మిగిలింది, మొదట ఏ పద్ధతిన మూశారు, తల్లి వయసెంత అన్నవాటిమీద ఆధారపడుతుంది. పైగా అంతటి సూక్ష్మమైన పని చేయగల వైద్యులు పెద్ద ఆసుపత్రుల్లోనే దొరుకుతారు.

1977 తరువాత మన రాష్ట్రంలో ఈ భారం మగవారినుంచి ఆడవారికి మారింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతంమంది ఆపరేషను చేయించుకున్నవారే; దేశంలో ఇంతటి శాతం మరే రాష్ట్రంలోనూ లేదు. వారిలో చాలామందికి అది పాతికేళ్ళు నిండకముందే జరిగిపోతుంది. మా కూచిపూడినుంచి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ దాటి కోడూరు వరకు పోతే, ఆ వయసు తల్లులు ఇంటింటా కనబడతారు. అక్కడికి సముద్రం ఎంతో దూరం లేదు.